‘ఇతరములు’ గడి

తాత పోయాడన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన మనవడు ఫోన్ చేసేసరికే కార్యాలన్నీ అయిపోయాయి. "నీ నంబరు రాసిన చీటీ తాత పెట్టె అడుగున దొరికిందక్కా, అందుకే ఇన్నాళ్లు పట్టింది" అన్నాడు.

తరువాతి వారం బయలుదేరాను. దోర్నాల దాటి బస్సు శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా వాన పట్టుకుంది. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతుంటే బయట చెట్లన్నీ కలిసి ఒకే పచ్చటి గోడలా కనిపించాయి. ఒకప్పుడు ఈ అడవి నాకు వాన లేకపోయినా ఇలాగే కనిపించేది.

గూడెం చేరేసరికి పొద్దు వాలింది. ఇంటి ముందు దోమల కోసం పొగ పెట్టారు. ఎండు పుల్లల మీద పచ్చి రెమ్మలు వేసి ఉన్నాయి. ఆ పొగ ముక్కుకు తగలగానే కాళ్లు ఆగిపోయాయి. నిమ్మజాతి ఆకుల్లో ఉండే ఘాటు, దాని వెనక ఏదో చేదు.

"బిల్లుడు రెమ్మలు" అన్నాను, ఎవరూ అడగకుండానే.

"తాత నేర్పిందేగా అక్కా" అన్నాడు మనవడు, కుర్చీ తెచ్చి వేస్తూ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు వింటూ, తాతతో తిరిగిన రోజులన్నీ ఒకదాని వెంట ఒకటి తలుచుకుంటూ పడుకున్నాను.

* * *

అప్పుడే వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ అయింది. చెట్ల లెక్కింపు చేసే ఒక బృందంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. నల్లమలలో ముందే గుర్తు పెట్టిన చోట్లకు వెళ్లి, తాళ్లతో నలుచదరంగా హద్దు వేసి, అందులో ఉన్న ప్రతి చెట్టుకూ పేరు, చుట్టుకొలత రాయాలి. ఒక్కో పక్క 31.6 మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతు. చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీసుకోవాలి. ప్రతి చెట్టుకూ ఆ ఎత్తు కొలుస్తూ కూర్చుంటే తెల్లారుతుంది కాబట్టి తాత తన చొక్కా గుండీల్లో ఒకదాన్ని దానికి గుర్తుగా పెట్టుకున్నాడు. చెట్టుకు ఆనుకుని నిలబడి, గుండీ తగిలిన చోట టేపు తిప్పేవాడు.

తాత చెంచు. మాతో వాచరుగా వచ్చేవాడు. చదివిన అమ్మాయిని కదా అని పేర్లు చెప్పే పని నాకిచ్చి, టేపు పట్టే పని ఆయనకు అప్పగించారు. మొదటి రోజు ఆ చదరంలో నలభై ఒక్క చెట్లు లెక్క తేలాయి. వాటిలో పదిహేడింటి పేర్లు నాకు తెలియలేదు. ఫారంలో చివర ‘ఇతరములు’ అని ఒక గడి ఉండేది. పదిహేడూ అందులో వేశాను.

సాయంత్రం క్యాంపులో తాత ఆ కాగితం చదివి వినిపించమన్నాడు. చదివాను. మద్ది ఇన్ని, టేకు ఇన్ని, తునికి ఇన్ని, ఇతరములు పదిహేడు.

"ఇతరములంటే ఏం మాను పాపా? ఈ అడవిలోనే పుట్టాను, ఆ పేరు ఎప్పుడూ వినలేదే."

నిజంగానే అడిగాడు. అది ఒక చెట్టు పేరనుకున్నాడు. పేర్లు తెలియని చెట్లన్నిటినీ అందులో వేస్తామని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. నిప్పులో పుల్ల సర్ది, "రేపు పొద్దున్నే మళ్లీ పోదాం. ఆ పదిహేడూ అక్కడే ఉంటాయిగా" అన్నాడు.

మర్నాడు వెళ్లాం. ఆ పదిహేడింటిలో చిరుమాను, గుంపెన, నారేప, బిల్లుడు, ఏగిస అన్నీ ఉన్నాయి. కొన్ని నేను పరీక్షల కోసం లాటిన్ పేర్లతో సహా బట్టీ పట్టినవే. ఆ చెట్టు ముందు నిలబడినప్పుడు మాత్రం ఒక్క పేరూ గుర్తుకు రాలేదు.

అప్పటి నుంచి పనులు తారుమారయ్యాయి. పేరూ కొలతా రెండూ తాతే చెప్పేవాడు, రాసే పని మాత్రం నాది. టేపు తిప్పి గట్టిగా కేక వేసేవాడు. "చిరుమానూ... డెబ్బై నాలుగూ!" నేను రాసుకుని అదే మళ్లీ గట్టిగా చెప్పాలి. "చిరుమాను, డెబ్బై నాలుగు!" గాలి హోరులో తప్పుగా విన్నానేమో తెలియాలి కదా. నేను తిరిగి చెప్పేదాకా ఆయన టేపు తీసేవాడు కాదు. రోజంతా ఆ కేకలే. నిద్రలో కూడా వినిపించేవి.

* * *

తాత నేర్పిన మొదటి పాఠం ఆకు ఎక్కడ మొదలవుతుందో చూడడం.

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. గుంపెన కొమ్మ చూసి ‘ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి’ అని నోటుబుక్కులో రాసుకున్నాను. తాత గాలికి విరిగి పడిన కొమ్మ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కన్ను ఎక్కడుందో చూపించు."

కన్నంటే మొగ్గ. ఆకు తొడిమ కొమ్మను కలిసే మూలలో, చంకలాంటి చోట, చిన్న మొగ్గ ఉంటుంది. నేను ఆకులనుకున్నవాటి దగ్గర ఎక్కడా మొగ్గ లేదు. వెతుక్కుంటూ వెనక్కి పోతే, ఆ రెమ్మంతా కొమ్మకు అతుక్కున్న చోట ఒకే ఒక్క మొగ్గ కనిపించింది.

"ఇదంతా కలిపి ఒక్క ఆకు. నువ్వు ఆకులన్నవి దాని రెక్కలు."

పాఠ్యపుస్తకంలో దీన్నే సంయుక్త పత్రం, పత్రకాలు అంటారు. బొమ్మలు గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ మొగ్గను వేలితో తడిమిన రోజే అది నాకు అర్థమైంది. ఒక్క ఆకా, రెక్కల ఆకా అన్నది తేలిపోతే సగం చెట్లు పక్కకు తప్పుకుంటాయి. ఆ తర్వాత ఆకులు జంటగా ఎదురెదురుగా వచ్చాయా, ఒకటి ఇటూ ఒకటి అటూ వచ్చాయా చూస్తే, మిగిలిన వాటిలో మళ్లీ కొన్ని తప్పుకుంటాయి. అప్పుడు ఆలోచించాల్సినవి పదో పన్నెండో మిగులుతాయి.

రెక్కల ఆకుల్లో గుంపెన, గరుగ, అందుగు మూడూ నన్ను చాలా తిప్పలు పెట్టాయి. మూడింటికీ ఆకులు కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. తాత అంచు తడమమనేవాడు. గుంపెన రెక్కల అంచు నున్నగా ఉంటుంది, రెక్కలు కూడా తక్కువే. గరుగ, అందుగు రెక్కల అంచులకు రంపపు పళ్లలాంటి గాట్లు ఉంటాయి. ఆ రెండింటిలో ఏదన్న అనుమానం వస్తే మొదలు చూడాలి. అందుగు బెరడు పల్చటి కాగితంలా లేస్తుంది, దగ్గరకు వెళ్తే బంక సాంబ్రాణిలా వాసన వేస్తుంది.

బిల్లుడు రెక్కను మాత్రం ఆకాశానికి ఎత్తి చూడాలి. వెలుతురులో సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు మెరుస్తాయి. నూనె ఉండే తిత్తులవి. నలిపితే వచ్చే ఘాటు వాసన వాటిదే. మారేడు, వెలగ ఆకుల్లోనూ ఈ చుక్కలుంటాయి, అన్నీ ఒకే కుటుంబం. ఆ చుక్కలు మొదటిసారి కనిపించిన రోజు ఆ చదరంలోని ఆకులన్నిటినీ ఎండకు ఎత్తి చూస్తూనే ఉన్నాను. తాత టేపు చుట్టి పక్కన పెట్టి, నా సంబరం తీరేదాకా కూర్చున్నాడు.

మద్ది అయితే ఆకు తిరగేయాలి. తొడిమ దగ్గర, నడి ఈనె పక్కన చిన్న బుడిపెలు తగులుతాయి. నెమలినార ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, అంత చెడ్డ వాసన. లేత టేకు ఆకు అరచేతిలో రుద్దితే ఎర్రరంగు అంటుతుంది. ఆరె ఆకు మధ్యలో చీలి రెండుగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఒక్కటే ఆకు. నారేపకు నిజంగానే రెండు రెక్కలుంటాయి, వాటిని వేలితో విడదీయవచ్చు. ఇవన్నీ చేతులకు వచ్చిన చదువు. ఇప్పటికీ దారి పక్కన ఏ ఆకు కనిపించినా ముందు నా బొటనవేలు దాని అడుగు భాగాన్ని తడుముతుంది.

ముక్కు, వేలు, ఎండ, ఇవన్నీ సరే. నోట్లో పెట్టుకోవడానికి మాత్రం తాత ఒప్పుకునేవాడు కాదు. ఆ అడవిలో ముష్టి చెట్లున్నాయి. వాటి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ ప్రాణం తీస్తుంది. ఒకసారి నల్లజీడి మాను మీద పాత గాయం దగ్గర కారిన జిగురును ముట్టుకున్నాను. రెండు రోజుల్లో మణికట్టు దగ్గర బొబ్బలు లేచాయి. మచ్చ ఇంకా ఉంది. తెలియని చెట్టు పాలూ జిగురూ చేతికి తగలనీయకూడదని ఆ మచ్చ వల్లే నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అది అభయారణ్యం. నమూనాలు తీసుకునేందుకు మాకు అనుమతి ఉన్నా, తాత కొమ్మ తుంచడం నేను చూడలేదు. కింద పడిన ఆకే తీసేవాడు. తీసి, వెంటనే తలెత్తి పైకి చూసేవాడు. కింద ఉన్న ఆకు ఈ చెట్టుదే కావాలని ఏముంది, పక్క చెట్టుది గాలికి వచ్చి పడి ఉండొచ్చు. చేతిలో ఆకు, పైన కొమ్మ రెండూ కలిస్తేనే పేరు చెప్పేవాడు.

* * *

బెరడు సంగతి వేరు. అది తాతకు ఉద్యోగంతో వచ్చిన విద్య కాదు. చిన్నప్పటి నుంచీ ఆయన బతుకు బంకతోనే గడిచింది. తపసి బంక, చిరుమాను బంక, కొండగోగు బంక సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మేవాళ్లు. బంక తీసేవాడికి ఆకు లేని కాలంలోనూ చెట్టు తెలియాలి. తపసి నిండు ఎండాకాలంలో ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉంటుంది. తెల్లటి, నున్నటి మొదలు మీద సన్నటి పొరలు లేస్తూ ఉంటాయి. వెన్నెల రాత్రి ఆ చెట్టును దూరం నుంచి చూస్తే ఎవరో నిలబడినట్టే ఉంటుంది.

గాటు ఎంత లోతు పెట్టాలో చెబుతూ తాత గొంతు తగ్గించేవాడు. లోతుగా నరికితే బంక ఎక్కువ వస్తుంది, కానీ ఆ మాను బతకదు. వాళ్ల నాయన కాలంలో తపసి చెట్లు నిండుగా ఉన్న కొండ పేరు ఒకటి చెప్పి, ఇప్పుడక్కడ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అనేవాడు.

ఒక మొదలు చూసి పేరు చెప్పాలంటే తాత ఎప్పుడూ పొద్దున్నే తీసుకెళ్లేవాడు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బెరడు చదునుగా కనిపిస్తుంది. పొద్దుటి ఎండ పక్క నుంచి పడితే ప్రతి పగులుకూ నీడ ఉంటుంది. ఆ నీడలే చెట్టును చూపిస్తాయి. నల్లమద్ది, తునికి రెండూ నల్లగా, మొసలి వీపులా పగిలి ఉంటాయి. పక్క ఎండలో చూస్తే మద్ది పగుళ్లు లోతుగా, దాని పెచ్చులు పెద్దవిగా తెలుస్తాయి. తునికి పెచ్చులు చిన్నవి, ఇటుకలు పేర్చినట్టు వరుసగా ఉంటాయి, బొగ్గులా పెళుసుగా అనిపిస్తాయి. తెల్లమద్ది మద్ది కుటుంబమే అయినా వాగుల ఒడ్డునే ఎక్కువ కనిపిస్తుంది. దాని బెరడు నునుపు. పెచ్చులు ఊడిన చోట గులాబీ రంగు ఛాయ కనిపిస్తుంది. చిరుమాను కూడా బూడిదరంగు నునుపే, కానీ పొలుసులు రాలిన చోట బొటనవేలు పెట్టి నొక్కినట్టు పల్లాలుంటాయి. ఏగిసకు గాయమైతే ఎర్రటి జిగురు కారి గడ్డకట్టి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో జంతువు దెబ్బతిని చెట్టుకు రాసుకుందేమో అని భయపడ్డాను.

నా పెద్ద పొరపాటు కూడా బెరడుతోనే జరిగింది. వేసవిలో నిప్పు పాకిన చోట ఒక చదరం పడింది. ఆ రోజు తాత జ్వరంతో రాలేదు. నేనే పేర్లు చెప్పాను. నల్లటి మొదళ్లు చూసి వరుసగా నల్లమద్ది, నల్లమద్ది అని పదకొండు రాయించాను. కోలుకున్నాక తాత అటు వెళ్లి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పాపా, నువ్వు మసిని చూశావు. మానును చూడలేదు."

నిప్పు తగిలిన చెట్టుకు అడుగు భాగమంతా నల్లగానే ఉంటుంది. తల ఎత్తి మంట అందని ఎత్తులో బెరడు చూడాలి, కొమ్మల రంగు చూడాలి. ఆ పదకొండింటిలో ఏడు చిరుమానులు. మళ్లీ వెళ్లి దిద్దాం. దిద్దిన కాగితం పైవాళ్లకు పంపితే, రెండుసార్లు ఎందుకు వెళ్లారు, డీజిల్ ఎవరిస్తారు అని అరిచారు. టెన్షన్‌తో నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. తాత మాత్రం, "ఇప్పుడు కాగితంలో ఉన్నవే కొండ మీద కూడా ఉన్నాయి" అన్నాడు. ఆయనకు అది చాలు.

నల్లమద్ది గురించి ఆయన ఒక మాట చెప్పేవాడు. కొన్ని మానులకు మొదలు మీద ఉబ్బు ఉంటుందట, అందులో నీళ్లు నిలవ ఉంటాయట. తట్టి చూసి చెప్పేవాడు, గాటు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. నిజం చెప్పాలంటే అప్పట్లో నేను పూర్తిగా నమ్మలేదు. 2024లో పాపికొండల అడవిలో కొండరెడ్లు చెబితే అటవీ సిబ్బంది నల్లమద్ది బెరడుకు గాటు పెట్టారు. కుళాయి తిప్పినట్టు నీళ్లు చిమ్మిన వీడియో నా ఫోన్‌కూ వచ్చింది. ఆ వీడియో తాతకు చూపించాలనుకున్నాను. వెళ్లలేదు. ఏదో ఒక పని అడ్డొస్తూనే ఉంది.

* * *

క్యాంపులో వాన పడిన రోజుల్లో పని ఉండేది కాదు. అక్కడి అధికారి ఒకాయన తన దగ్గరున్న పాత పుస్తకాలు చదువుకోమని ఇచ్చారు. అందులో గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల సంపుటాలు ఉండేవి. 1915లో మొదలై, ఆయన పోయాక ఫిషర్ పూర్తిచేస్తే 1936కు ముగిశాయి. వాటిలో చెట్టును పట్టుకోవడానికి ‘కీ’లు ఉంటాయి. ప్రతి మెట్టులోనూ రెండు దారులు చూపిస్తుంది. ఆకులు ఎదురెదురుగానా, ఒకటి ఇటూ ఒకటి అటూనా? అడుగున నూగు ఉందా, లేదా? ఒకటి ఎంచుకుంటే తర్వాతి మెట్టుకు పంపిస్తుంది. తాత నన్ను అడిగే ప్రశ్నలే ఆ పుస్తకంలో ఉన్నాయని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది.

ఆ పుస్తకంలో చాలా చెట్లకు తెలుగు పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చారు. నేను పైకి చదివేదాన్ని, తాత పలుకు సరిచేసేవాడు. కొన్ని పేర్ల దగ్గర ఒప్పుకునేవాడు కాదు. "తపసి అంటే బంక మాను. నెమలినారను తపసి అనేది వేరే చోటి వాళ్లు" అనేవాడు. పేరు ఊరూరికీ మారుతుంది, అందుకే ఆకూ బెరడూ కూడా పక్కన రాసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు ‘సోయ్మిడా’ అని చదివాను. తాత లేచి కూర్చున్నాడు. "సోమిడ మానా? జ్వరానికి దాని బెరడు కషాయం ఇచ్చేది మా అమ్మ." ఆయన అలా అన్నాక దాని చరిత్ర వెతికాను. రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉంటూ మన చెట్లను వర్ణించాడు. మన చిత్రకారులతో బొమ్మలు వేయించి, 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మూడు సంపుటాలుగా వచ్చింది. ఈ చెట్టుకు ఆయన పెట్టిన లాటిన్ పేరులో ‘జ్వరాన్ని తరిమేది’ అనే మాట ఉంది. తర్వాత దాని ప్రజాతికి స్థిరపడిన పేరు మన సోమిడే. ఎవరో ఒక తెలుగు మనిషి ఆయన పక్కన నిలబడి, బెరడు చూపించి ఈ పేరు చెప్పి ఉండాలి కదా. ఆ మనిషి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. తాతకు ఈ కథ చెప్పినప్పుడు, "అయితే దొర కూడా అడిగే రాసుకున్నాడు" అన్నాడు.

* * *

ఇక ఆ ఒక్క చెట్టు గురించి.

వేసవి చివర, బండల వాలు మీద ఒక చదరం. ఆకులన్నీ రాలి, కింద నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. వాలు మధ్యలో నున్నటి మొదలున్న చెట్టు ఒకటి, ఒక్క ఆకు లేదు. తాత టేపు తిప్పాడు. కేక వేయలేదు. నేను పెన్ను పట్టుకుని చూస్తున్నాను.

"అరవై రెండు" అన్నాడు చివరికి. పేరు చెప్పలేదు.

తాత పేరు చెప్పకపోవడం అదే మొదటిసారి. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొలుసు ఒకటి గోటితో తట్టాడు. "పొణికే. కానీ ఏ పొణికో."

ఆ అడవిలో పొణికి అనే మాట రెండు చెట్లకు వాడతారు. ఒకటి తెల్లపొణికి, రెండోది కుమ్మరపొణికి. రెండూ తేలిక కర్రే, రెండింటికీ నునుపు బెరడే, రెండూ ఎండాకాలం మోడులే. వాటి మధ్య చుట్టరికం మాత్రం లేదు. తెల్లపొణికిది ఆముదం కుటుంబం, కుమ్మరపొణికిది పూర్తిగా వేరే కుటుంబం. కుమ్మరపొణికి కాయకు రెండు పొడుగు రెక్కలుంటాయి, గిర్రున తిరుగుతూ నేలకు దిగుతుంది. తెల్లపొణికి కాయకు రెక్కలుండవు. ఎండుటాకులు దులిపి చాలాసేపు వెతికాం. రెక్కల కాయ ఒక్కటీ దొరకలేదు.

"అయితే తెల్లపొణికేగా తాతా?" అన్నాను.

"కాయ దొరకలేదంటే కాదని కాదు పాపా. ఈ ఏడు కాయలేదేమో. గాలి కిందికి కొట్టుకుపోయిందేమో. ఆకు రానీ."

బృందం పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు. ‘ఇతరములు’లో వేసేయమన్నాడు. నేను వేయలేదు. పేరు గడి ఖాళీగా వదిలి, మొదలు మీద పసుపు రంగుతో ఇరవై మూడు అని అంకె రాశాను. ఆ ఖాళీ గడి గురించి తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకదానికి జవాబు రాశాను, రెండోది దాచుకున్నాను.

వానలు పడ్డాయి. ఓ నెల ఆగి, సెలవు రోజున ఇద్దరమే వెళ్లాం. చెట్టు గుర్తు పట్టలేనంతగా నిండిపోయింది. అరచేయంత ఆకులు, పొడుగు తొడిమలు, అంచున మొద్దు పళ్లు. పైన అన్నీ మామూలు పచ్చ. తాత కింద పడిన ఆకు ఒకటి తీసి, పైకి చూసి సరిపోల్చుకుని, నా చేతిలో బోర్లించి పెట్టాడు.

ఆకు వెన్ను తెల్లగా ఉంది. సున్నం కొట్టినట్టు కాదు, ఉన్నితో నేసినట్టు. బొటనవేలితో రాస్తే మెత్తగా తగిలి, నూగు కొంచెం వేలికి అంటింది.

"తెల్లపొణికీ... అరవై రెండూ!" అని తాత కొండ దద్దరిల్లేలా కేక వేశాడు. నేను తిరిగి చెప్పి, నెలరోజులు ఖాళీగా ఉన్న గడి నింపాను.

దిగి వస్తుంటే ఈ కర్రతోనే బొమ్మలు చేస్తారని తాత అన్నాడు. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా అమ్మమ్మ ఇంట్లో అద్దాల బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. చింతగింజల జిగురుతో ముక్కలు అతికించి, రంగులు వేసిన ఏనుగు. అంత పెద్ద ఏనుగు అరచేతిలో ఈకలా తేలిపోయేది. సెలవులన్నీ దాన్ని పట్టుకునే తిరిగాను. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారని, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు పొణికితో చేస్తారని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. చిన్నప్పుడంతా ఒళ్లో పెట్టుకుని పడుకున్న ఆ చెట్టు ఎదురుగా నిలబడితే గుర్తు పట్టలేకపోయాను. వెనక్కి వెళ్లి ఆ మొదలు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాను. తాత తొందర పెట్టలేదు.

* * *

పొద్దున్నే మనవడు నన్ను ఆ వాలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడు అతనూ వాచరే. పులులను లెక్కపెట్టే కెమెరాలు చెట్లకు కట్టడం, జంతువుల జాడలు రాయడం అతని పని. నడుస్తూ ఒక్కో చెట్టు మొదలు మీద చేయి తట్టుకుంటూ పోతున్నాడు. అది కూడా తాత అలవాటే.

వాన వెలిసింది. చెట్లు ఇంకా చుక్కలు రాలుస్తున్నాయి. బండల వాలు కొంచెం మారింది. పక్కన ఒక పెద్ద గరుగ విరిగి పడి, వెలుతురు ఎక్కువైంది. నున్నటి మొదలు ముందు నిలబడి ఇరవై మూడు అంకె కోసం చుట్టూ తిరిగి చూశాను. పసుపు రంగు మచ్చ కూడా లేదు. ఈ చెట్టు బెరడు పలచటి పొలుసులుగా రాలుతూ ఉంటుంది కదా, రంగు ఏనాడో వాటితో పాటే రాలిపోయింది.

ఇదేనా ఆ చెట్టు? చోటు అదే. కానీ చోటును నమ్మి పేరు రాయడం నేను నేర్చుకోలేదు. తడి నేల మీద నుంచి ఒక ఆకు తీశాను. తలెత్తి పైకి చూశాను. ఆకు తిరగేశాను. తెల్లగా ఉంది.

మనవడు ఏమీ అనకుండా సంచిలోంచి టేపు తీసి ఇచ్చాడు. తాత టేపే, మొదటి అంకెలు అరిగిపోయాయి. నా చొక్కా గుండీ ఆ ఎత్తుకు సరిపోదు కాబట్టి గడ్డం కింద చేయి పెట్టి ఎత్తు చూసుకుని టేపు తిప్పాను. గొంతు పెగలడానికి కొంచెం సేపు పట్టింది.

"తెల్లపొణికీ... తొంభై ఆరూ!"

"తెల్లపొణికి, తొంభై ఆరు" అన్నాడు మనవడు వెనక నుంచి.

అప్పుడు టేపు తీశాను.